జానపదంలో జనం ఎక్కడ?

మొన్న ఇంట్లో 'పాతాళభైరవి' చూస్తూంటే మా అమ్మాయి అడిగింది: "నాన్నా, జానపద సినిమా అన్నావు. అంతా కోటలు, మాంత్రికుడే! పల్లెటూరేదీ?"

ఇంజనీరునైన నాకు వెంటనే జవాబు తోచలేదు. నిఘంటువు తిరగేశాను. జనపదమంటే జనం నివసించే చోటు. బుద్ధుని కాలంలో పదహారు మహాజనపదాలుండేవట. పట్నవాసి పౌరుడు, పల్లెవాసి జానపదుడు. 1846లో ఇంగ్లండులో విలియం థామ్స్ 'ఫోక్‌లోర్' అనే మాట పుట్టించాడు. దానికి మనవాళ్లు 'జానపదం' వాడారు.

మన సినిమాల్లో పురాణకథ పౌరాణికం, ఇంటికథ సాంఘికం. రెండూ కానిది, అరుగుల మీద చెప్పుకున్న రాకుమారి కథ జానపదమైంది. 1951 నాటి 'పాతాళభైరవి'కి మూలం కాశీమజిలీ కథలే. నాయకుడూ తోటమాలి కొడుకే! పదేళ్ల తర్వాత, 1961లో, అమెరికా రచయిత ఫ్రిట్జ్ లైబర్ ఇలాంటి కథలకు 'స్వోర్డ్ అండ్ సోర్సరీ' అని పేరు పెట్టాడు. ఆయన కథలోని కత్తినీ, మంత్రాన్నీ చూశాడు. మనం కథ చెప్పిన జనాన్ని చూశాం.

సింగపూరు మలయ్ భాషలో జానపద కథను 'చెరితా రాక్యాత్' అంటారు. చెరితా మన 'చరిత'మే. రాక్యాత్, మన 'రైతు' ఒకే అరబ్బీ మాట బిడ్డలు!

ఇక్కడి బడిలో మా అమ్మాయికి తెలుగు లేదు, హిందీ చదువుతోంది. చెప్పే జనం మనమే కాకపోతే జానపదం పేరుకే మిగులుతుంది. ఆ రాత్రి టీవీ కట్టేసి, మిగతా కథ నేనే చెప్పాను.