సర్వనామములు – చుట్టరికము

ఎడ్లపాడు బడిలో ఎవరైనను “మేము కొండవీడు పోతాము” అన్నచో వినువాడు ఇంట నుండును. “మనము” అన్నచో వెంట వచ్చును. ఇంగ్లీషు ‘వుయ్’, ఉజ్బెకు ‘బిజ్’ ఈ భేదమును చెప్పవు. అయితే పెద్దలను బహువచనముతో గౌరవించుటలో మన ‘మీరు’, ఉజ్బెకు ‘సిజ్’ ఒక్క తీరువి. ఇంగ్లీషులోను పూర్వము ఒక్కరికి ‘దౌ’, పలువురికి, పెద్దలకు ‘యూ’ వాడెడివారు. క్రమముగా అందరికి ‘యూ’యే మిగిలినది.

ఇట్టి పోలిక చుట్టరికమగునా? తెలుగు సంస్కృతజన్యము కాదని 1816లో ఎల్లిస్ చూపెను. 1856లో కాల్డ్వెల్ ద్రావిడభాషలను, వాని సర్వనామములను తురుష్కాది భాషలతో పోల్చి, బంధుత్వము నూహించెను. ఉజ్బెకు తురుష్క కుటుంబములోనిదే. కాని ఆ ఊహ నేటికిని రుజువు కాలేదు. మర్యాదను ఏ జాతికి ఆ జాతి స్వయముగా నేర్చుకొనవచ్చును. చుట్టరికము తేలుటకు, అనేక పదములలో ధ్వనులు నియమబద్ధముగా సరిపోవలెను.