నెల్లూరు తీరంలో హరిత జీవనోపాధి శిక్షణ

నెల్లూరు తీరంలో హరిత జీవనోపాధి శిక్షణ అంటే భూమి లేని, చదువు కొరవడిన, కులం వల్లనో ఆడవాళ్ళు కావడం వల్లనో వెనకబడిన వారికి నేలనూ నీటినీ పాడుచేయని పనులు నేర్పి, వాటితో బతుకుదెరువు చూపే ప్రయత్నాల పరంపర. ఖద్దరు నూలుతో మొదలైన ఈ పరంపర పొదుపు సంఘాలు, ప్రకృతి సాగు, చెత్త నిర్వహణ, సౌర ఫలకాల బిగింపు దాకా సాగింది. కావలి నుంచి పులికాట్ వరకు ఉన్న పాత నెల్లూరు జిల్లా తీరమే ఈ వ్యాసం పరిధి. 2022 పునర్విభజనలో సూళ్ళూరుపేట, తడ మండలాలు తిరుపతి జిల్లాలో చేరాయి.

నేపథ్యం

పెన్నా డెల్టాలో వరి, ఇసుక దిబ్బల మీద సరుగుడు తోటలు, ఉప్పు కొఠార్లు, బకింగ్‌హాం కాలువ, ఉప్పుటేరులు, వాటి ఒడ్డున మత్స్యకారులైన పట్టపు కాపుల కుప్పాలు (పల్లెలు), గిరిజనులైన యానాదుల గుడిసెలు: ఈ తీరం ఆర్థిక జీవనం వీటి చుట్టూ తిరిగింది. వనమూలికలు గుర్తుపట్టడం, తేనె తీయడం, ఏటిలో పీతలు పట్టడం యానాదులకు తరతరాలుగా వచ్చిన విద్య. అయితే ఆ విద్యకు ఆధారమైన అడవి, ఏరు వారి చేతుల్లో ఉండేవి కావు. 1969లో రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోటను ఎంపిక చేశాక అక్కడి యానాది కుటుంబాలు దీవి వదలాల్సి వచ్చింది. పని వచ్చినా వనరు మీద హక్కు లేకపోవడం ఈ తీరం చరిత్రలో పదేపదే ఎదురయ్యే సమస్య.

ఆశ్రమాలు, సెటిల్మెంట్లు

1921 ఏప్రిల్ 7న పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని గాంధీజీ ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య దాని నిర్మాతలు. స్థలం పొణకా కనకమ్మ ఇచ్చిన 13 ఎకరాలు. దక్షిణాఫ్రికాలో గాంధీజీ మిత్రుడైన పార్సీ రుస్తుంజీ భవనానికి 10,000 రూపాయల విరాళం పంపారు. రాట్నం, ఖద్దరు, అస్పృశ్యతా నివారణ అక్కడి ప్రధాన కార్యక్రమాలు. 1923లో కనకమ్మ నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం స్థాపించారు. ఆడపిల్లలకు చదువుతో పాటు చేతిపని కూడా ఉండాలన్న ఆలోచనకు జిల్లాలో అది తొలి నిలయాల్లో ఒకటి.

అదే కాలంలో బలవంతపు శిక్షణ కూడా నడిచింది. కొన్ని జాతులను మొత్తంగా నేరస్థులుగా ముద్రవేసిన నేరస్థ జాతుల చట్టం కింద కావలిలో ఎరుకల కుటుంబాలను సెటిల్మెంట్‌లో ఉంచి, అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ పర్యవేక్షణలో సాగు, చేతిపనులు చేయించారు. హాజరు పట్టీ, అనుమతి చీటీ లేకుండా గడప దాటకూడదన్న నిబంధన సెటిల్మెంట్ల పద్ధతి. పని నేర్చుకున్నా దాన్ని తనకు నచ్చిన చోట చేసుకునే స్వేచ్ఛ అక్కడివారికి లేదు. యానాదుల మీద పడిన నేరస్థ ముద్ర తొలగించడానికి నెల్లూరు స్వాతంత్ర్య యోధుడు వెన్నెలకంటి రాఘవయ్య ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ చట్టం 1952లో రద్దయింది. 1962లో ఆయన యానాదుల మీద సమగ్ర గ్రంథం ప్రచురించారు. 1973లో పద్మభూషణ్ అందుకున్నారు.

అక్షరం, సారా, పొదుపు

జిల్లాలో శిక్షణ తీరును మార్చింది ఒక వయోజన విద్యా కార్యక్రమం. 1991లో మొదలైన 'అక్షర దీపం' రాత్రి బడులలో చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు ఇళ్ళు గుల్ల చేస్తున్న సారా గురించి మాట్లాడుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ ఆ ఉద్యమానికి ముఖంగా నిలిచారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలైంది.

సారాకు పోని డబ్బును కూడబెట్టే ఆలోచన నుంచి 1993లో 'పొదుపులక్ష్మి' వచ్చింది. ఒక్కో సభ్యురాలు రోజుకు రూపాయి, నెలకు 30 రూపాయలు దాచేది. పుస్తకం రాసుకోవడం, తీర్మానం చేయడం, బ్యాంకుకు వెళ్ళి మేనేజరుతో మాట్లాడడం: నిజానికి ఆ తరం ఆడవాళ్ళు నేర్చుకున్న మొదటి వృత్తి విద్య ఇదే. డ్వాక్రా పథకం విస్తరణ, 2000లో వచ్చిన పేదరిక నిర్మూలన పథకం వెలుగు, దాని తర్వాతి ఇందిరా క్రాంతి పథం ఈ పునాది మీదే నడిచాయి. 2001లో వెంకటాచలంలో ఎం. వెంకయ్యనాయుడు చొరవతో ఏర్పడిన స్వర్ణభారత్ ట్రస్ట్ గ్రామీణ యువతకు, మహిళలకు వృత్తి శిక్షణ ఇస్తోంది.

చేపలు, రొయ్యలు

కుప్పాల్లో ఆడవాళ్ళ పాత వ్యాపారం ఎండుచేప. నెత్తళ్ళను ఇసుక మీద పరిస్తే మట్టి అంటుతుంది, కాకులూ కుక్కలూ తగులుతాయి, వాన పడితే సరుకు మొత్తం పోతుంది. మత్స్య శాస్త్రవేత్తల శిక్షణలో మార్పు చిన్నది: చేపను శుభ్రమైన నీటిలో కడిగి, ఉప్పు పట్టించి, నేలకు ఎత్తున కట్టిన వల మంచె మీద ఆరబెట్టడం. దీనితో సరుకు శుభ్రంగా ఉంటుంది, ధర కూడా మెరుగుపడుతుంది. 1991లో ముత్తుకూరులో ఏర్పడిన మత్స్య కళాశాల ఈ ప్రాంతంలో చేపల విద్యకు ప్రధాన కేంద్రం.

1990ల రొయ్యల సాగు ఎందరికో పని ఇచ్చింది, పచ్చని పొలాలను ఉప్పు చేసింది కూడా. తెల్లమచ్చ తెగులు చెరువులను తుడిచిపెట్టింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో సంప్రదాయేతర రొయ్యల చెరువులను నిషేధిస్తూ తీర్పు చెప్పింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ సుస్థిర ఆక్వాకల్చర్ కేంద్రం చిన్న రైతులను సంఘాలుగా చేర్చి, యాంటీబయాటిక్స్ లేని సాగు నేర్పే పని చేపట్టింది.

ప్రకృతి సాగు

2004లో పురుగుమందులు లేని సాగును మహిళా సంఘాల ద్వారానే రాష్ట్రం మొదలుపెట్టింది. 2016లో రైతు సాధికార సంస్థ చేపట్టిన ప్రకృతి వ్యవసాయం దాన్ని విస్తరించింది. పాఠం చెప్పేది అధికారి కాదు, అదే పద్ధతిలో పండించి చూపిన రైతు. ఇంటి వెనక డ్రమ్ములో 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, పొలం గట్టు మట్టి గుప్పెడు వేసి, రెండు రోజులపాటు పూటకోసారి కర్రతో తిప్పితే ఎకరానికి సరిపడా ద్రవ జీవామృతం తయారవుతుంది. దీన్నీ కషాయాలనూ తయారుచేసి అమ్మడం కొందరు మహిళలకు అదనపు ఆదాయం. ఈ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ మానవాళి బహుమతిలో భాగం దక్కింది.

కొత్త కొలువులు

2015లో హరిత ఉద్యోగాల నైపుణ్య మండలి, సౌర ఫలకాల బిగింపు నేర్పే 600 గంటల సూర్యమిత్ర శిక్షణ, 2017లో కేంద్ర పర్యావరణ శాఖ హరిత నైపుణ్యాభివృద్ధి కార్యక్రమం దేశవ్యాప్తంగా మొదలయ్యాయి. రాష్ట్రంలో 2014లో ఏర్పడిన నైపుణ్యాభివృద్ధి సంస్థ యువతకు శిక్షణ బాధ్యత తీసుకుంది. పంచాయతీల్లో చెత్తను వేరుచేసి వర్మి కంపోస్టు తయారుచేసే పనిలో 'హరిత రాయబారులు' అనే పారిశుధ్య కార్మికులు ఉన్నారు. 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం దేశంలో 15,000 మహిళా సంఘాలను లక్ష్యంగా పెట్టుకుంది. ఒక సభ్యురాలికి 15 రోజుల డ్రోన్ శిక్షణ అందులో భాగం.

పరిమితులు

సూర్యమిత్రకు పదో తరగతి, ఆపై ఐటీఐ లాంటి అర్హత అడుగుతారు. బడి మానేసిన పిల్లలు ఎక్కువగా ఉన్న యానాది కాలనీలకు ఆ తలుపు సగం మూసినట్టే. సొంత పొలం లేని కౌలు రైతు నేలను బాగుచేస్తే లాభం యజమానికి చేరుతుంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు కూడా యజమాని సమ్మతి మీదే ఆధారపడింది. ఆధార్, కుల ధ్రువపత్రం లేనివారు దరఖాస్తు దశలోనే ఆగిపోతారు.

ఈ తీరంలో శిక్షణ వెనక సంఘం, చేతిలో కొంత పెట్టుబడి, ముడిసరుకు మీద హక్కు ఉన్నచోట నేర్చిన పని నిలిచింది. అవి లేని చోట సర్టిఫికెట్టు దగ్గరే ఆగింది. పొదుపులక్ష్మి నుంచి ప్రకృతి సాగు వరకు బలంగా నడిచిన ప్రతి కార్యక్రమం ముందు సంఘాన్ని కట్టి, ఆ తర్వాతే పని నేర్పింది. కొత్త పథకాలు యానాది కాలనీలకూ కౌలు కుటుంబాలకూ చేరడం కూడా ఆ క్రమాన్ని పాటించడం మీదే ఆధారపడి ఉంది.