గగనమార్గమున బళ్ళారి మజిలీ

పటము ముందుంచుకొని బళ్ళారి నుండి మద్రాసునకు సూటిగా ఒక గీత గీయుడు. మన తాడిమర్రికి కొద్ది కిలోమీటర్ల దాపుననే అది సాగిపోవును.

1929 నుండి ఇంపీరియల్ ఎయిర్వేస్ విమానములు లండను తపాలాను కరాచీ దాక తెచ్చుచుండెను. అటుపై దక్షిణాదివారి జాబులకు రైలే దిక్కు. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా పస్ మాత్ అను చిన్న విమానమున, సుమారు 25 కిలోల తపాలాతో, కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరిరి. అచట నెవిల్ విన్సెంటు ఆ తపాలాను అందుకొని, బళ్ళారిలో రాత్రి గడపి, మరునాడు మద్రాసు చేర్చిరి.

బళ్ళారియే యేల? లెక్క చూడుడు. బొంబాయి నుండి మద్రాసునకు పక్షి యెగురు దూరము సుమారు 1,035 కిలోమీటర్లు. బళ్ళారిలో దిగి పోయినను పెరుగునది పది కిలోమీటర్లలోపే. గుంతకల్లు మీది రైలుదారి యన్ననో, దాదాపు 1,280.

దూరము తగ్గినదే కాని దారి సుకరము కాలేదు. శ్రోతలకు వింతగా తోచవచ్చును, ఆ విమానమున రేడియో లేదు! నేలనుండి దిక్కు చెప్పు గొంతు లేదు. చీకటిలో దిగుటకు దారి చూపు ఏర్పాటులు లేవు. రాత్రి నిలువక తప్పని ప్రయాణమది. అట్టి రోజులలో సరియైన చోట చదునైన నేల దొరకుటయే ఒక ఊరి భాగ్యము.

ఆ భాగ్యము బళ్ళారికి చిరకాలము నిలువలేదు. తరువాత మజిలీ హైదరాబాదునకు మారినది. ఆ వంపువలన దారి నూరు కిలోమీటర్లకు పైగా పెరిగినది. తపాలా గీత రాయలసీమ నడిమిని విడిచి తూర్పునకు జరిగిపోయినది.