కృష్ణా తీరంలో రోమన్ వెండి నాణేల సేకరణ

కృష్ణా డెల్టాలోను, దాని చుట్టుపక్కల సీమల్లోను బయటపడిన రోమన్ నాణేలను పోగుచేసి గుర్తించే పని 18వ శతాబ్దం చివర మొదలైంది. వీటిలో డెనారియస్ అనే వెండి నాణెం ముఖ్యమైనది. చక్రవర్తి ఆగస్టస్ కాలంలో దాని బరువు దాదాపు 3.9 గ్రాములు.

క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికగ్రంథం పెరిప్లస్ ఈ తీరాన్ని మసాలియా అని, సన్నని నూలుబట్టలకు నెలవని చెప్పింది. మరుసటి శతాబ్దంలో భూగోళవేత్త టోలెమీ పేర్కొన్న కంటకోసిలా నేటి ఘంటసాల. బట్టలకు, మిరియాలకు, రత్నాలకు మారుగా రోమ్ నుంచి వచ్చిన వెండిలో ఆగస్టస్, టైబీరియస్‌ల నాణేలే ఎక్కువ. క్రీ.శ. 64లో నీరో బరువు తగ్గించి కొట్టించిన డెనారియస్‌లు ఇక్కడ అరుదు. మన వర్తకులు చక్రవర్తి ముఖం కన్నా తూకాన్నే నమ్మారన్న వివరణ సబబుగా తోస్తుంది. శాతవాహనుల సీసపు నాణేలు చలామణీలో ఉన్న నేల ఇది; వెండికి ఇక్కడ విలువ ఎక్కువే.

దొరికినదంతా దక్కలేదు. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. కింద రోమన్ బంగారు నాణేల కుండ. చాలావరకు పాత బంగారంగా అమ్ముడై మూసలో కరిగిపోయాయి. మిగిలినవాటి సంగతి ఏషియాటిక్ రీసెర్చెస్ పత్రికలో అచ్చయింది. వెండికి అంతటి ప్రచారమూ లేదు, కంసాలి కొలిమికెళ్లినా అడిగేవారు లేరు. 1878 నాటి నిక్షేపాల చట్టం పది రూపాయలు మించిన పాతర దొరికితే కలెక్టరుకు తెలపాలని నిర్దేశించింది. 1889లో వినుకొండలో దొరికిన బంగారు నాణేలు విద్వాంసుల దృష్టికి వచ్చాయి. చరిత్రకారుడు రాబర్ట్ సూయెల్ 1904లో దేశమంతటి రోమన్ నాణేల లెక్క ప్రకటించాడు.

పెద్ద వెండి రాశి మాత్రం డెల్టాలో కాక ఎగువన, నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికింది: 1500కు పైగా డెనారియస్‌లు. రోమన్ నాణేలపై నాణేల పండితుడు పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియం తరఫున వెలువరించిన గ్రంథం నేటికీ సేకర్తలకు ఆధారం. అక్కనపల్లి రాశిలో ఎన్నో నాణేలు రోమ్ టంకశాలవి కావు. అక్షరాలు తెలియని చేతులు చెక్కిన అచ్చులతో ఆ కాలంలోనే కొట్టిన అనుకరణలు. వాటిని దొంగనాణేలని కొట్టిపారేయడం తొందరపాటు. అసలు కన్నా అవే ఈ నేలకు దగ్గరి చుట్టాలు.

1972 పురావస్తువుల చట్టం వచ్చాక వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని దేశం దాటించడం నేరం, వ్యాపారానికి లైసెన్సు కావాలి. కాబట్టి ఊరూ పొలమూ చెప్పలేని నాణెం అమ్మకానికొస్తే, జాగ్రత్తగల సేకర్త ధర అడగడు.