బూట్లకి సంబంధం లేని 'బూట్‌లెస్'

ఇంగ్లీషులో 'బూట్‌లెస్' అని ఓ విశేషణం వుంది. కాళ్ళకి బూట్లు లేనివాడు కాబోలు అనుకునేరు! ఎంత చేసినా ఒరిగేదేమీ లేని పనికీ, ఎంత మొత్తుకున్నా ఆలకించే నాథుడు లేని ఏడుపుకీ ఆ మాట వాడతారు. ఈ రోజుల్లో అది పాత పుస్తకాల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ బూటుకీ కాలిబూటుకీ ఏ చుట్టరికమూ లేదు. కాలిబూటు ఫ్రెంచి నుంచి వచ్చింది. ఇదేమో పాత ఇంగ్లీషులోని 'బోట్'. బాగుచేయడం, నష్టపరిహారం అని అర్థం. మనకి బాగా తెలిసిన 'బెటర్', 'బెస్ట్' దీని దాయాదులే.

ఆ కాలంలో దెబ్బకి వెల వుండేది. క్రీ.శ. 600 ప్రాంతంలో కెంట్ రాజు ఎథెల్‌బెర్ట్ చేసిన చట్టం చూడండి: కన్ను పోగొడితే 50 షిల్లింగులు, చేతి బొటనవేలు తెగ్గొడితే 20, బొటనవేలి గోరు వూడగొడితే 3! సంతలో బేరంలా వుందని నవ్వొస్తుంది గానీ, దాని వెనకనున్న ఆలోచన చిన్నదేం కాదు. ఆ సొమ్ము పుచ్చుకున్నాక పగ అక్కడితో ఆగాలి. లేకపోతే తలకి తల తీసుకుంటూ పోవడమే.

అయితే కొన్నింటికి ఏ సొమ్మూ చాలదన్నారు. 11వ శతాబ్దంలో కెన్యూట్ రాజు చట్టం ప్రకారం ఇల్లు పగలగొట్టడం, ఇల్లు తగలబెట్టడం, బాహాటంగా చేసిన దొంగతనం, హత్య, ఏలికకి ద్రోహం - ఇవన్నీ 'బోట్' లేని నేరాలు. అంటే 'బూట్‌లెస్' మొదట్లో దిద్దుకోలేనిది. రానురాను అదే ఫలితం లేనిదైంది. 1598లో అచ్చయిన షేక్‌స్పియర్ 'నాలుగో హెన్రీ' మొదటి భాగంలో, శత్రువుని 'బూట్‌లెస్'గా ఇంటికి తరిమానని గ్లెండోవర్ గొప్పలు పోతాడు. బూట్లు లేకుండా పంపావా అని హాట్‌స్పర్ వెక్కిరిస్తాడు. చూశారా, కాలిబూటు హాస్యానికి నాలుగు వందల ఏళ్ళు దాటాయి!

మన తెలుగుమాట సరిగ్గా ఎదురుదారిలో నడిచింది. దండుగ అంటే అసలు జుర్మానా. కట్టిన సొమ్ము తిరిగిరాదు గనక కాబోలు, వృథా అయినదల్లా దండగ అయి కూర్చుంది. వాళ్ళకి డబ్బుతో తీరనిది వ్యర్థం. మనకి కట్టిన డబ్బే వ్యర్థం!

ఇంతకీ ఆ మాట మనం ఎవరిమీద వాడుతున్నాం? ఉద్యోగం దొరకని కుర్రాణ్ణీ, మంచాన పడ్డ ముసలమ్మనీ 'తిండి దండగ' అనేస్తాం. ఏ నేరానికి కడుతున్నామట ఆ జుర్మానా? ఎథెల్‌బెర్ట్ మహారాజు గోటికి కూడా వెల రాయించాడు. యాభై ఏళ్ళు ఆ ముసలమ్మ చేతులు చేసిన చాకిరీకి మాత్రం ఏ ఇంట్లోనూ పద్దు రాసిన పాపాన పోలేదు. ఆవిడ వింటూండగా నోరు జారిన ఆ ఒక్క మాట వుందే, నాకు తెలిసి దానికి ఏ పరిహారమూ లేదు. అది 'బూట్‌లెస్' - ఆ పాత అర్థంలోనే.