పల్నాటి విద్యార్థి, కళాశాల గడప

పాఠశాల దాటిన విద్యార్థిని కళాశాల జీవితానికి సిద్ధం చేయడం ఇటీవలి కాలంలోనే పాఠ్యప్రణాళికకు ఎక్కినా, పల్నాటి సీమలో ఆ బాధ్యతను ఇళ్లూ, వసతి గృహాలూ, పై తరగతుల విద్యార్థులూ తరాలుగా మోస్తూ వచ్చారు. 1950లో నరసరావుపేటలో శ్రీ సుబ్బరాయ, నారాయణ కళాశాల వెలిసేవరకు డిగ్రీ కోరిన పల్నాటి యువకుడు ఊరు విడిచి దూరం పోవలసిందే. గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నుంచి, హిందూ కళాశాల 1935 నుంచి ఉన్నాయి; నరసరావుపేట ప్రాంతంలో 1909లో పుట్టి, 1964లో ముఖ్యమంత్రి అయిన కాసు బ్రహ్మానందరెడ్డి పట్టా కోసం మద్రాసు పచ్చయప్ప కళాశాల దాకా వెళ్లారు.

ఆనాటి తొలి సమస్య పాఠం కాదు, అన్నం. పట్నంలో ఏడు ఇళ్లు మాట్లాడుకుని, వారంలో రోజుకొక ఇంట భోజనం చేస్తూ చదువుకునే ‘వారాల’ పద్ధతి తెలుగు నేల అంతటా ఉండేది. ఆకలి తీర్చడంతోనే ఆ ఇళ్ల పాత్ర ముగిసేది కాదు. పరీక్ష రుసుము గడువు ఎప్పుడో, ఏ అధ్యాపకుణ్ణి ఎలా పలకరించాలో పల్లె పిల్లవాడికి తెలిసేది చాలావరకు ఆ వంటింటి మాటల్లోనే. అయితే ఈ ఆదరణకు కులం హద్దు గీసింది. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా వంటివారు బడిలోనే అంటరానితనాన్ని ఎదుర్కొన్న కాలంలో, దళిత విద్యార్థికి ఆ గుమ్మాలు తెరుచుకోలేదన్న నిజాన్ని పక్కనపెట్టి వారాల ఔదార్యాన్ని కీర్తించడం చరిత్రకు అన్యాయం చేయడమే. ఆ లోటును కొంతైనా పూడ్చినవి తరువాత వచ్చిన ప్రభుత్వ సాంఘిక సంక్షేమ వసతి గృహాలు.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలడంతో సీమ ఆర్థిక స్థితి మారసాగింది. కుడి కాలువ కింద వరి పండించిన కుటుంబాలు పిల్లల్ని పై చదువులకు పంపగలిగాయి గాని, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు మెట్ట ఊళ్లకు ఆ వెసులుబాటు అందలేదు.

అన్నం తరువాతి అడ్డంకి భాష. పాఠశాలలో తెలుగులో లెక్కలు, సామాన్యశాస్త్రం నేర్చినవాడు పి.యు.సి.లో, అంటే డిగ్రీకి ముందు ఏడాదిపాటు చదివే ప్రీ యూనివర్సిటీ కోర్సులో, అవే విషయాలను ఒక్కసారిగా ఇంగ్లీషులో వినవలసి వచ్చేది. తెలివి ఉన్నా తరగతిలో నోరు విప్పలేక వెనుదిరిగినవారు ఏ జాబితాకూ ఎక్కలేదు. ఉన్నత విద్యకు తెలుగులో పాఠ్యగ్రంథాలు రాయించడానికి 1968లో తెలుగు అకాడమీ ఏర్పడటం, 1969–70 నుంచి పి.యు.సి. స్థానంలో రెండేళ్ల ఇంటర్మీడియట్ రావడం, అందులో తెలుగు మాధ్యమానికి చోటు దక్కడం ఈ విద్యార్థికి జరిగిన అతిపెద్ద మేలు. ఏడాదిలో దాటవలసిన దూరానికి రెండేళ్ల గడువు, చేతిలో అర్థమయ్యే పుస్తకం దొరికాయి. మాచర్ల సమీపాన విజయపురి సౌత్‌లో నెలకొన్న ప్రభుత్వ గురుకుల కళాశాలల్లో ఉపాధ్యాయుడూ విద్యార్థీ ఒకే ప్రాంగణంలో బతకడం వల్ల, వారాల ఇల్లు ఒకప్పుడు కొందరికే అందించిన ఆసరా ప్రవేశ పరీక్షలో నెగ్గిన పేద పిల్లలకూ అందింది.

1998లో నరసరావుపేటలో ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాల, 2016లో జె.ఎన్.టి.యు. కాకినాడ వారి కళాశాల వచ్చాక దూరం తగ్గినా బెరుకు తగ్గలేదు. కొత్తవారిని పాతవారు వేధించే ర్యాగింగ్‌ను రాష్ట్రం 1997లో చట్టం చేసి నిషేధించింది. చేయి పట్టి నడిపించవలసిన సీనియర్ భయపెట్టేవాడు కావడం ఈ చరిత్రలో అత్యంత బాధాకరమైన మలుపు. దేశవ్యాప్తంగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో ‘దీక్షారంభ్’ పేరుతో కొత్త విద్యార్థుల పరిచయ కార్యక్రమాన్ని ప్రవేశపెట్టింది. అంతలోనే 2021–22 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలన్నీ ఇంగ్లీషు మాధ్యమానికి మారాలన్న నిర్ణయం వెలువడింది. దానితో గురజాల, మాచర్ల పల్లెల నుంచి తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియట్ ముగించి వచ్చినవారు పి.యు.సి. నాటి విద్యార్థి నిలిచిన గడప ముందే మళ్లీ నిలవవలసి వచ్చింది. డిగ్రీ మొదటి సంవత్సరం అధ్యాపకుడు పాఠాన్ని ఇంగ్లీషులో చదివి, తెలుగులో విప్పి చెప్పక తప్పని స్థితి తిరిగి ఏర్పడింది.