ఆర్మగాన్ అనే మన దుగరాజపట్నం

ఏటా ఆగస్టు 22న చెన్నైలో మద్రాసు పుట్టినరోజు సంబరాలు జరుగుతాయి. ఆ మద్రాసుకు పుట్టినిల్లనదగ్గ ఊరు మన పాత నెల్లూరు జిల్లా తీరంలో ఉంది. ఇంగ్లిషువాళ్లు అక్కడ దిగి 2026కి 400 ఏళ్లు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

పాత తెలుగు శాసనాల్లో దుగరాజు అంటే యువరాజు. ఊరి పేరు అక్కడిదే అనుకోవడం నాకిష్టం. దుర్గరాజపట్నం అనేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో పేచీ లేదు. పల్లవులు, తెలుగు చోడులు, రాయలు ఏలి వెళ్లిన కాలమంతా పట్టపుకాపులు తెప్పలు వేసుకుని వేటకు వెళ్లారు. ఇక 1626కి దూకేద్దాం.

దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్లు కోట కట్టుకుని ఇంగ్లిషువాళ్లను ఊపిరాడనివ్వడం లేదు. ఉత్తరాన మచిలీపట్నంలో గోల్కొండ అధికారుల పీడ. మధ్యలో కనిపించింది దుగరాజపట్నం. స్థానిక నాయకుడితో మాట కుదిర్చి వాళ్లను నిలబెట్టినవాడు ఆరుముగం ముదలియారు అంటారు. ఆ రుణం తీర్చుకోవడానికి రేవుకు ఆయన పేరే పెట్టుకున్నారట. దొరల నాలుక మీద ఆరుముగం కాస్తా ఆర్మగాన్ అయ్యాడు. ఒక ముదలియారు సముద్రపు పటాలకెక్కడం చిన్న విషయమా!

1628 నాటికి గిడ్డంగి చుట్టూ పన్నెండు ఫిరంగులు మోహరించారు. మనదేశంలో ఇంగ్లిషువాళ్లు కోట కట్టుకున్న తొలి చోటు ఇదేనంటారు. ఆ ఏడాదే మచిలీపట్నం కొట్టు మూసి ఇక్కడికొచ్చారు. 1632లో గోల్కొండ సుల్తాను బంగారు ఫర్మానా ఇవ్వగానే తిరిగి అటే పరిగెత్తారు.

ఆ తర్వాత ఇక్కడి పెత్తనం ఫ్రాన్సిస్ డేకి వచ్చింది. ఆయనకు ఊరు నచ్చలేదు. కావలసిన బట్ట సరిగా దొరకడం లేదన్నాడు. దక్షిణాన మద్రాసపట్నంలో అదే బట్ట నూటికి ఇరవై వంతులు చవకని లెక్క చెప్పాడు. ఆ పక్కనే ఉన్న శాంథోమ్‌లో ఆయనకు ప్రియురాలు ఉందనీ, అసలు లెక్క అదేననీ గిట్టనివాళ్లు చెవులు కొరుక్కున్నారు. 1639లో మద్రాసపట్నాన్ని ఏలే దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర డే కౌలు పుచ్చుకున్నాడు. 1640 ఫిబ్రవరిలో డే, మచిలీపట్నం కొట్టు పెద్ద కోగన్, పాతికమంది సిపాయిలు ఓడలెక్కి దక్షిణానికి పోయారు. వాళ్లవెంట మందుగుండు చేసే నాగభట్టు కూడా వెళ్లాడు. మద్రాసు చెన్నకేశవస్వామి గుడికి 1646 నాటి దానపత్రం రాసినది ఆయనే. నాకు డే కన్నా నాగభట్టే ముచ్చటగా అనిపిస్తాడు.

వింతేమిటంటే, వాళ్లు వెళ్లిన మద్రాసుకు ఆనాడు రేవే లేదు. అలల మీద మసూలా పడవల్లో సరుకు దింపుకోవాలి. వదిలేసిన చోటేమో ఇసుకతిన్నె అడ్డుపడి ఓడలకు నీడనిచ్చే సహజమైన నెలవు. 19వ శతాబ్దంలో అడ్మిరల్ బ్లాక్‌వుడ్ పేరిట అది బ్లాక్‌వుడ్ హార్బరైంది. తిన్నె మాత్రం పటాల్లో ఆర్మగాన్ తిన్నెగానే ఉండిపోయింది.

ఆ తర్వాత కథకు వరస లేదు. బకింగ్‌హామ్ కాలువ వచ్చింది. దీపస్తంభం లేచింది. 2014 విభజన చట్టం ఇక్కడ భారీ ఓడరేవు కడతామనీ, 2018 చివరికి తొలిదశ పూర్తవుతుందనీ రాసింది. చట్టంలో ఊరి పేరు దుగ్గిరాజుపట్నం! శ్రీహరికోట పక్కనే ఉంది, పులికాట్ సరస్సు ఆ దగ్గర్లోనే ఉంది, గిట్టుబాటు కాదు అంటూ అభ్యంతరాలొచ్చి చూపు రామాయపట్నం వైపు మళ్లింది. 2022లో వాకాడు మండలంతో పాటు ఊరు తిరుపతి జిల్లాలో చేరింది. ఇప్పుడు ఇక్కడ ఓడలు కట్టే కేంద్రం పెడతామంటున్నారు.